గుండంవంక దాటిన ఆదివారం

పరాంకుశానికి ఆశ్రమంలో అన్నీ నచ్చాయి, ఆదివారాలు తప్ప.

వెలికొండల అంచున, గుండంవంక అనే వాగుకి కాస్త ఇవతల ఉన్న చిన్న ఆశ్రమం అది. ఉండేది ఇద్దరే. తాతసామి, ఆయన శిష్యుడు పరాంకుశం. తాతసామికి సన్యాసం ఇచ్చినప్పుడు పెట్టిన పెద్ద పేరొకటి ఉంది గాని, ఆ చుట్టుపక్కల ఎవరికీ అది నోరు తిరగలేదు. ఆయన కూడా ఎవరికీ గుర్తు చేయలేదు. బక్కపలచటి మనిషి. మోకాళ్ళు అరిగిపోయి, గేటు దాటి బయటికి పోవడం మానేసి చాలా కాలమైంది. మాటలు కూడా అంతే. అవసరమైతేనే బయటికి వచ్చేవి.

పరాంకుశం అంతకు ముందు వాతావరణ శాఖలో ఉద్యోగి. తెల్లవారకముందే లేచి బెలూన్ ఎగరేయడం, పడిన వాన కొలవడం, వీచిన గాలి కొలవడం అతని పని. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి తాతసామి దగ్గరికి వచ్చేశాడు. ఉద్యోగం వదిలాడు గాని కొలిచే అలవాటు వదల్లేదు. ఆశ్రమం ముంగిట్లో వాన కొలిచే రేకు డబ్బా ఒకటి పాతుకున్నాడు. వాన వెలిసిందంటే చాలు, పూజ సగంలో ఉన్నా సరే, ఒకసారి వెళ్ళి చూసి వచ్చేవాడు. తాతసామి దానికేమీ అనలేదు. ఒకరోజు ఆ డబ్బాలో పడి కొట్టుకుంటున్న తేనెటీగను వేలితో బయటికి తీసి ఆకు మీద పెట్టాడు, అంతే.

ఆదివారం వస్తే కొండలు తిరిగేవాళ్ళు వచ్చేవారు.

వారమంతా ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుని, ఆ ఒక్క రోజు కొండలెక్కే పిచ్చి ఉన్నవాళ్ళు వాళ్ళు. చీకటితో బయల్దేరి, పెద్దబండ దాకా ఎక్కి దిగి, మధ్యాహ్నానికి ఆశ్రమం చేరేవారు. పంచలో చెప్పులు విప్పి, తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలు తెరిచేవారు. పరాంకుశం మజ్జిగ పోసేవాడు. తిండి సగంలో ఉండగానే ఎవరో ఒకరు ఎండ గురించో గాలి గురించో ఎత్తుకునేవారు. ఇక సాయంత్రం దాకా దానికి అంతుండేది కాదు.

సాధారణంగా పళ్ళ డాక్టరు సుధీంద్ర మొదలుపెట్టేవాడు.

"పోయిన మే నెలలో పెద్దబండ మీద నాకు తగిలిన ఎండ ఎవరికీ తగిలి ఉండదు సామీ. ఒక తొండ, పాపం, బండ మీద కాలు పెట్టలేక నా బూటు మీదికెక్కింది. దించితే మళ్ళీ ఎక్కింది. చివరికి దాన్ని కూడా మోసుకుని కొండ దిగి, నీడ చూసి వదిలిపెట్టినాను."

"మీకు తోడుగా తొండన్నా ఉంది," అనేది మనోరమ టీచర్. ఆమె హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. కొండ మీదికి వచ్చినప్పుడు మాత్రం లెక్కలన్నీ కిందనే వదిలేసి వచ్చేది. "లంబసింగిలో మాకు చలి ఎట్లా పడిందంటే, అగ్గిపుల్ల గీస్తే మంట వణికింది. మేం మంట దగ్గర చలి కాచుకోలేదు సామీ. మంటే మా చేతుల్లో చలి కాచుకుంది."

తాతసామి గోడకు ఆనుకుని, నోరు కొంచెం తెరిచి, మొట్టమొదటిసారి వింటున్నవాడిలా వినేవాడు.

"ఆరిపోలేదు కదా పాపం?" అని అడిగేవాడు.

"లేదు సామీ, కాపాడుకున్నాం."

"మంచిపని చేసినారు," అనేవాడు తాతసామి. నిజంగానే కుదుటపడ్డవాడిలా ఊపిరి వదిలేవాడు.

మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డ పరాంకుశానికి ఒళ్ళు మండిపోయేది. ఆ ఏడాది లంబసింగిలో నమోదైన ఉష్ణోగ్రత ఎంతో అతనికి తెలుసు. మే నెల ఎండ ఎంతో తెలుసు. ఒక్కొక్కరి మాట పూర్తయ్యేలోపు, అందులో ఎన్ని వంతులు కల్పనో మనసులోనే లెక్క కట్టేసేవాడు. వారానికి వారం ఎండ పెరుగుతోంది, చలి పెరుగుతోంది. ఇంత అబద్ధం ఒక సన్యాసి పంచలో కూర్చుని చెప్పడం, ఆయన నోరు తెరుచుకుని వినడం, అతనికి మింగుడుపడలేదు.

ఒకసారి వాళ్ళు వెళ్ళిపోయాక అడిగేశాడు.

"సామీ, వాళ్ళు చెప్పేది నిజం కాదని మీకు తెలుసు. మరి ఎందుకు వింటారు?"

తాతసామి చాటలో ఉన్న వేరుశనక్కాయలు అతని ముందుకు జరిపాడు.

"ఒలుచు నాయనా. పొద్దుపోతా ఉంది."

ఆ గుంపులో అందరికన్నా పెద్దవాడు ఓబులేసు. డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. గుబురు మీసం, మైదానం అవతలి చివర ఉన్న పిల్లవాడికి కూడా వినిపించే గొంతు. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క కథ. కానీ అది మొదలైతే డాక్టరూ టీచరూ కూడా తినడం ఆపి వినేవాళ్ళు.

చాలా ఏళ్ళ కింద, తుఫాను రోజుల్లో, ఓబులేసూ ఆయన స్నేహితుడు నాగూరూ పులిబోను లోయలోకి దిగారు. నాగూరుకి సైకిల్ షాపు ఉండేది. సన్నటి మనిషి, చిన్న గొంతు.

"పొద్దున ఎండ," అని మొదలుపెట్టేవాడు ఓబులేసు. "మధ్యాహ్నానికి కొండ వెనక నుంచి ఒక మబ్బు లేచింది చూడు, అట్లాంటిది మళ్ళీ నేను చూడలే. నలుపు కాదు, ఊదా రంగు. ముందు పిట్టలన్నీ నోరు మూసుకునె. ఆ తర్వాత గాలి. నిలబడితే నిలబడనీదు, కూర్చుంటే కూర్చోనీదు. ఆ గాలికి బండ మీద జారితిని. చీలమండ విరిగి పాదం పక్కకు తిరిగిపాయె. నాగూరు ఒక్క మాట మాట్లాడలే. తువ్వాలు చింపి, కట్టె పెట్టి కాలు కట్టినాడు. వీపు చూపించి, ఎక్కు అన్నాడు. నేను చూస్తే ఎద్దు మాదిరి. వాడు చూస్తే వెదురుబద్ద. కింద వాగు. పొద్దున చెప్పులు తడవకుండా దాటిన వాగు, అప్పుడు చెట్లను వేర్లతో సహా మోసుకుని పోతా ఉంది. వాడు నన్ను మోసుకుని దాంట్లో దిగినాడు."

అక్కడికి వచ్చేసరికి పక్కన కూర్చున్న నాగూరు, నారింజ తొనలు వేరు చేసుకుంటూ, తల ఎత్తకుండా అనేవాడు.

"అంత లేదు లేబ్బా ఓబులేసూ."

"నువ్వు నోరు మూసుకో," అనేవాడు ఓబులేసు. అందరూ నవ్వేవారు. నాగూరు ఒక తొన ఓబులేసు చేతిలో పెట్టేవాడు. ఆ రోజుల్లో కథలో ఆ వాగు ఆశ్రమం ముంగిలంత వెడల్పు ఉండేది. అంతకు మించి పెరగలేదు.

పోయిన ఎండాకాలం నాగూరు గుండె ఆగి చనిపోయాడు. ఓబులేసు కొన్నాళ్ళు రాలేదు. తర్వాత నాగూరు లేకుండా రావడం మొదలుపెట్టాడు. కథ మళ్ళీ చెప్పాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాడు. పక్కన ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు వాగు స్కూలు మైదానమంత అయింది. ఆ తర్వాతి నెలకి చెరువంత అయింది. గాలికి బండలు కదిలాయి. ఊదా రంగు మబ్బు ఆకాశాన్ని వదిలి చెట్ల మీద కూర్చుంది.

ఒక ఆదివారం గుంపుతో పాటు కొత్తవాళ్ళు కొందరు వచ్చారు. కాలేజీ లెక్చరర్లు. ఓబులేసుకి ఉత్సాహం వచ్చింది. కథ ఎత్తుకున్నాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి రెండు చేతులూ చాపాడు.

"పెన్నానది తెలుసు కదా? అంత వాగు. ఇవతలి గట్టు నుంచి చూస్తే అవతలి గట్టు మీద మనిషి చీమ మాదిరి. దాన్ని దాటినాడు నా నాగూరు, నన్ను వీపు మీద వేసుకుని."

కొత్తగా వచ్చిన ఒకమ్మాయి చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

పరాంకుశం చెంబు కింద పెట్టాడు.

"ఓబులేసు గారూ, అది ఏ తుఫాను?"

ఓబులేసు ఏడాది చెప్పాడు, నెల చెప్పాడు.

"ఆ తుఫానప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాడు పరాంకుశం. అతని గొంతు మర్యాదగానే ఉంది. "తుఫాను ఇటు రాలేదు, ఉత్తరానికి తిరిగిపోయింది. ఈ ప్రాంతంలో పడింది నాలుగు సెంటీమీటర్లు. గాలి కూడా కొమ్మలు ఊగేంతే. నాలుగు సెంటీమీటర్ల వానకి ఈ కొండల్లో ఏ వాగూ అంత పారదు."

 ఓబులేసు చాపిన చేతులు మెల్లగా దించాడు.

"నాలుగు సెంటీమీటర్లంటే?"

పరాంకుశం బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించాడు.

ఓబులేసు ఆ రెండు వేళ్ళ మధ్య సందుని చాలాసేపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"నాగూరు నన్ను మోసింది ఇంత వానలోనా," అన్నాడు. అడిగినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. చేతికర్ర అందుకుని, చెప్పులేసుకుని, తెరిచిన టిఫిన్ డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

తాతసామి లేచి వచ్చి, ఆ డబ్బా కడిగి మూత పెట్టి, గూట్లో పెట్టాడు.

సాయంత్రం దాకా పరాంకుశానికి గర్వంగానే ఉంది. దీపం వెలిగించే వేళకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ నాలుగు సెంటీమీటర్లు కొలిచింది కింద ఊళ్ళో. పులిబోను లోయలో ఎంత పడిందో ఎవరూ కొలవలేదు. కొండల్లో ఒక లోయలో కుంభవృష్టి పడితే పక్క లోయలో దుమ్ము కూడా తడవదని అతనికి బాగా తెలుసు. తెలిసీ ఆ మాట చెప్పలేదు.

వెళ్ళి తాతసామి ఎదురుగా కూర్చున్నాడు.

"సామీ, నేను అన్నదాంట్లో తప్పుందా?"

"లేదు నాయనా," అన్నాడు తాతసామి. "నాలుగంటే నాలుగే."

తప్పు లేదనిపించుకున్న తర్వాత కూడా పరాంకుశం అక్కడి నుంచి లేవలేకపోయాడు.

మరుసటి ఆదివారం ఓబులేసు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. మిగిలినవాళ్ళు వచ్చారు, డబ్బాలు తెరిచారు. డాక్టరు అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"ఈ పొద్దు పెద్దబండ మీద ఎండ ఎట్లా ఉండిందంటే..."

పరాంకుశం వైపు చూశాడు.

"...బాగానే ఉండింది," అని ముగించి పప్పన్నం కలుపుకున్నాడు.

మనోరమ టీచర్ రోడ్డు రిపేరు గురించి మాట్లాడింది. ఎవరో పచ్చడి బాగుందన్నారు. ఎండ తిరగకముందే వెళ్ళిపోయారు. ఖాళీ పంచలో తాతసామి ఒక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఈ రోజు ఎవరూ ఏమీ చెప్పలేదే," అన్నాడు. ఆకలి తీరనివాడి మాటలా ఉంది అది.

ఆ పై ఆదివారం పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. కొండకి ఎవరూ రాలేదు. పరాంకుశం వంటింట్లో పొయ్యి ఆర్పి బయటికి వచ్చేసరికి, తాతసామి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కర్ర. ఇంకో చేతిలో ఓబులేసు టిఫిన్ డబ్బా.

"ఓబులేసు ఇంటికి పోదాం. డబ్బా ఇచ్చి రావాలి."

"నేను ఇచ్చి వస్తాను సామీ. మీ మోకాళ్ళు..."

"నువ్వూ రా," అన్నాడు తాతసామి.

ఓబులేసు ఉండే ఊరు గుండంవంకకి అవతల. రోడ్డు మీదుగా పోతే కొండంతా చుట్టి రావాలి. కాలిదారిన పోతే వంక దాటగానే ఊరు కనిపిస్తుంది. ఆ వంక ఏడాదిలో ముప్పాతిక వంతు ఎండిపోయే ఉంటుంది. పరాంకుశం ఊళ్ళోకి ఎప్పుడు పోయినా అటే పోయేవాడు, ఏదో ఆలోచించుకుంటూ, దాటిన సంగతి కూడా గుర్తు లేకుండా.

సగం దారిలో చినుకులు మొదలయ్యాయి. వంక దగ్గరికి వచ్చేసరికి వాన అందుకుంది. పైన ఎక్కడో అప్పటికే బాగా పడినట్టుంది, వంకలో నీళ్ళు పారుతున్నాయి.

"వెనక్కి పోదాం సామీ. రేపు వద్దాం."

"వాడు కొండకొచ్చేది ఆదివారాలే కదా," అన్నాడు తాతసామి. "మనం కూడా ఆదివారమే పోవాలి. దాటొచ్చా, చూడు."

పరాంకుశం చూశాడు. ఇలాంటివి చూడటం అతనికి కొత్త కాదు. నీళ్ళ మధ్య తేలిన బండలు చూశాడు, కొట్టుకుపోతున్న ఆకుల వేగం చూశాడు.

"మోకాటి లోతు ఉంటుంది సామీ. వెడల్పు కూడా ఎక్కువేం కాదు. నేనైతే దాటేస్తాను. మీరు నిలదొక్కుకోలేరు."

"అయితే ఎత్తుకో," అన్నాడు తాతసామి.

పరాంకుశం పంచె ఎగ్గట్టి, వంగి వీపు చూపించాడు. తాతసామి ఎక్కి రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేశాడు. టిఫిన్ డబ్బా పరాంకుశం ఛాతీ మీద వేలాడుతూ టకటకమంది. మనిషి తేలికే. పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నంత తేలికగా అనిపించింది. మొదటి అడుగులు సులువుగానే పడ్డాయి.

వంక నడిమికి వచ్చేసరికి నీళ్ళ చప్పుడు మారింది.

రంగు కూడా మారింది. తేటగా పారుతున్న నీళ్ళలో ఎర్రటి చార ఒకటి కలిసింది, చూస్తుండగానే వంకంతా ఎరుపెక్కింది. మోకాటి దగ్గర ఉన్నది తొడ దాకా వచ్చింది. అడుగున గులకరాళ్ళు దొర్లడం అరికాళ్ళకు తెలుస్తోంది. ఒక రాయి కుడి పాదం కింద నుంచి జారిపోయింది. పరాంకుశం పక్కకి ఒరిగాడు. ఎట్లాగో నిలదొక్కుకున్నాడు. ఇక కాలు ముందుకు తీయడానికి ధైర్యం చాలలేదు, వెనక్కి తీయడానికీ చాలలేదు.

 తాతసామి జాగ్రత్త అనలేదు. దేవుడి పేరు తలచుకోలేదు. పట్టు కూడా బిగించలేదు. గడ్డం శిష్యుడి భుజం మీద ఆనించి, నిదానంగా ఊపిరి తీస్తూ ఉన్నాడు, పంచలో గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు తీసినట్టే. ఆయన గుండె కొట్టుకోవడం పరాంకుశానికి తన వీపులో తెలుస్తోంది. చిన్న గుండె. పిట్ట గుండెలా ఉంది.

నేను పడితే లేస్తాను, అనుకున్నాడు పరాంకుశం. ఈయన పడితే?

ఆ మాట అనుకున్న తర్వాత ఆ బరువు తేలిక కాకుండా పోయింది.  వాన కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. అవతలి గట్టు ఎంత దూరమో అతనికి తెలుసు. ఎన్నో వందల సార్లు దాటిన వంక. కానీ తెలిసిన ఆ దూరం ఎటుపోయిందో పోయింది. పాదంతో రాయి వెతుక్కోవడం, దొరికితే ఒరిగి చూడటం, నిలిస్తే ఇంకో పాదం ఎత్తడం. లోకంలో ఇంకేమీ మిగల్లేదు. ఒక కొమ్మ వచ్చి తొడకి కొట్టుకుని పోయింది. నొప్పి కూడా తెలియలేదు. వీపు మీద ఉన్నాయన తడవకూడదని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. అంత వానలో.

పాదం కింద మట్టి తగిలినప్పుడు అది గట్టని అతనికి వెంటనే అర్థం కాలేదు. ఇంకా నాలుగడుగులు పైకి పోయి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తాతసామి కాళ్ళ చుట్టూ బిగించిన చేతులు విప్పుదామంటే విడిపోలేదు. తాతసామే ఒక్కొక్క వేలూ విప్పి, కిందికి దిగి, పక్కన బురదలో కూర్చున్నాడు. తన తడి కండువా కొసతో శిష్యుడి తొడ మీద గీరుకుపోయిన చోట మట్టి తుడిచాడు.

"పోదామా?" అన్నాడు కాసేపటికి.

ఓబులేసు భార్య పెంచలమ్మ తలుపు తీసి, ఇద్దర్నీ చూసి, పొడి తువ్వాళ్ళు తేవడానికి లోపలికి పరిగెత్తింది. ఓబులేసు మంచం మీద నుంచి లేచి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. తాతసామిని తన గడపలో చూస్తానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"సామీ, మీరా?" అన్నాడు. "వంక పారతా ఉంటుందే. ఎట్లా దాటినారు?"

తాతసామి గడ్డంతో పరాంకుశాన్ని చూపించాడు. టిఫిన్ డబ్బా అరుగు మీద పెట్టాడు.

ఓబులేసు పరాంకుశం వైపు తిరిగాడు. ముఖంలో ఏ భావమూ లేదు. పరీక్ష పెట్టేవాడిలా అడిగాడు.

"ఎంత పారతా ఉంది వంక?"

పరాంకుశం నోరు తెరిచాడు. చెప్పవలసిన జవాబు అతని దగ్గర ఉంది. లోతు ఎంత, వెడల్పు ఎంత, ఎంతసేపట్లో ఎంత పెరిగింది. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"మొదట మోకాటి లోతే ఓబులేసు గారూ," అన్నాడు. "నడిమికి పోయేసరికి అవతలి గట్టు లేదు. నిజంగా లేదు. నేను నడిచే కొద్దీ అది వెనక్కి పోయింది. ఈ కొండల్లో ఉన్న నీళ్ళన్నీ వేరే పని లేనట్టు నా కాళ్ళ కోసమే వచ్చినాయి. నేను సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. అన్ని నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఓబులేసు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత కాళ్ళ వైపు చూశాడు. పంచె కింద మోకాళ్ళు ఇంకా వణుకుతున్నాయి.

పెంచలమ్మ తెచ్చిన తువ్వాలుతో తాతసామి నిదానంగా గడ్డం తుడుచుకుంటున్నాడు.

"నిజమేనా సామీ?" అని అడిగాడు ఓబులేసు. "అంత ఉండిందా?"

"నన్నడిగితే ఎట్లా ఓబులేసూ," అన్నాడు తాతసామి. "నేను వీపు మీద ఉంటిని. వీపు మీద ఉన్నోనికి వాగు ఎంతుందో ఏం తెలుస్తుంది?"

 పెంచలమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోబోయి, భర్త ముఖం చూసి ఆగిపోయింది.

ఓబులేసు గోడవారనున్న పీట లాక్కుని, పరాంకుశం ఎదురుగా, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మైదానం అవతలికి వినిపించే ఆ గొంతు పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినిపించలేదు.

"ఇన్నేళ్ళు నేనే చెప్తా ఉంటిని," అన్నాడు. "నాగూరుని ఒక్కసారి కూడా అడగలే."

పరాంకుశం తల ఎత్తాడు.

"నువ్వు చెప్పయ్యా," అన్నాడు ఓబులేసు. "మోసేటప్పుడు ఎట్లా ఉంటుంది?"